శిక్ష స్వేచ్ఛకు, ప్రాణానికి కాదు



చందాపుర నుంచి పరప్పన అగ్రహార కేంద్ర కారాగారం ఎంతో దూరం కాదు. హోసూరు రోడ్డు మీద నగరంలోకి పనికి వెళ్లే మనలో చాలామంది రోజూ ఆ దరిదాపుల్లోంచే వెళ్తుంటారు. క్రిస్మస్‌కు పండ్లు, రొట్టెలు పట్టుకుని జైలు పరిచర్యకు వెళ్లే సంఘాలూ ఉన్నాయి. పాటలు పాడతాం, వాక్యం చెబుతాం, ప్రార్థన చేసి వచ్చేస్తాం. మంచి పనే. అయితే లోపలున్న షుగర్ రోగికి ఇన్సులిన్ అందుతోందా, టీబీ మందులు మధ్యలో ఆగిపోయాయా అని అడిగే అలవాటు మనకింకా రాలేదు.

ఫాదర్ స్టాన్ స్వామిని మనం మరచిపోకూడదు. 1975 నుంచి 1986 వరకు ఇదే బెంగళూరులో ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా పనిచేసి, తర్వాత జార్ఖండ్ ఆదివాసుల మధ్య జీవించిన జెస్యూట్ గురువు ఆయన. 2020 అక్టోబరు 8న భీమా కోరేగావ్ కేసులో ఎన్‌ఐఏ ఆయనను అరెస్టు చేసింది. అప్పటికే 80 దాటిన వయసు, పార్కిన్సన్స్ జబ్బు. చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, నీళ్లు తాగడానికి ఒక స్ట్రా, సిప్పర్ కావాలని కోర్టును అడిగారు. ఆ విన్నపానికి జవాబివ్వడానికి ఎన్‌ఐఏ 20 రోజుల గడువు కోరింది. 2021 జూలై 5న, బెయిలు విచారణ ఇంకా సాగుతుండగానే, ముంబయి ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. ఆయనపై ఏ నేరమూ రుజువు కాలేదు.

అదే కేసులో మన తెలుగు కవి వరవరరావు 2020 జూలైలో జైల్లోనే కోవిడ్ బారిన పడ్డారు. బొంబాయి హైకోర్టు 2021 ఫిబ్రవరి 22న ఆరు నెలల తాత్కాలిక బెయిలు, సుప్రీంకోర్టు 2022 ఆగస్టు 10న ఆరోగ్య కారణాలతో శాశ్వత బెయిలు ఇచ్చాయి. అమలాపురం ప్రాంతంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా పోలియో వల్ల 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉంటూ నాగపూర్ జైల్లో ఏళ్లు గడిపారు. 2024 మార్చి 5న హైకోర్టు నిర్దోషి అంది. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో మరణించారు.

వీరి రాజకీయాలు మనలో కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చాలని మేము అడగడం లేదు. పేరు, వకీలు, పత్రికలు వెంట ఉన్నవారికే వైద్యం కోసం ఇంత పోరాటమైతే, ఎవరూ లేని కూలీవాని సంగతేమిటి? తెలుగు తప్ప మరో భాష రాక, తన నొప్పి ఎక్కడో కూడా చెప్పుకోలేనివాని మాటేమిటి?

2022 చివరి నాటికి దేశపు జైళ్లలో 5.73 లక్షల మంది ఉన్నారు. వారిలో 75.8 శాతం విచారణ ఖైదీలే. ప్రతి 300 మందికి ఒక వైద్యుడు ఉండాలన్నది నియమం. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం ఉన్నది 775 మందికి ఒకరు. ఇంతమందికీ కలిపి మానసిక నిపుణులు 25 మంది.

"బయట పేదవాడికే వైద్యం దొరకడం లేదు, నేరస్థునికి ఎందుకు?" అని మన సంఘాల్లోనే వింటుంటాం. బయటి పేదవాడు అప్పు చేసైనా మరో ఆసుపత్రి గడప తొక్కగలడు. ఖైదీ తొక్కలేడు. తాళం ప్రభుత్వం చేతిలో ఉంది కనుక అతని ప్రాణానికి పూచీ కూడా ప్రభుత్వానిదే. బాధితులకు న్యాయం జరగాల్సిందే. కానీ కోర్టు వేసిన శిక్షలో ఛాతీనొప్పికి మందు ఇవ్వకపోవడం అనే మాట ఎక్కడా ఉండదు.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు చెప్పేదీ ఇదే. సమాజంలో దొరికే స్థాయి వైద్యమే ఖైదీకీ ఉచితంగా అందాలి. వైద్య నిర్ణయం వైద్యునిదే, జైలు అధికారి దాన్ని కొట్టివేయరాదు. రోగి గుట్టు గోడల లోపలైనా గుట్టుగానే ఉండాలి. అంటే జైలు డాక్టరుకు జీతం ఎవరిచ్చినా, ఆయన జవాబు చెప్పుకోవలసింది ముందుగా తన రోగికి.

యిర్మీయా ప్రవక్తను బురద గోతిలో దించినప్పుడు ఎబెద్మెలెకు రాజు దగ్గరకు వెళ్లి, ఆ మనిషి చచ్చిపోతాడని వాదించాడు. తాళ్లతో పాటు పాత బట్టలు కూడా తెచ్చాడు. పైకి లాగేటప్పుడు తాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమన్నాడు. బందీ చర్మం గురించి కూడా ఆలోచించిన మనిషి అతను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు పౌలు సీలల కాళ్లకు బొండ వేసిన రాత్రే వారి గాయాలు కడిగాడు. అతని మారుమనస్సుకు మొదటి గుర్తు ఆ నీళ్లే. మత్తయి 25లో ప్రభువు చెరసాలను, రోగాన్ని ఒకే వరుసలో చెప్పాడు. ఆ రెండూ ఒకే మనిషి మీద పడినప్పుడు మనం తప్పించుకునే దారి లేదు.

కాబట్టి జైలు పరిచర్యకు వెళ్లే సంఘాలు పాటల పుస్తకంతో పాటు కొన్ని ప్రశ్నలూ తీసుకువెళ్లాలి. కుటుంబం దగ్గరున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు జైలు వైద్యునికి చేరేలా సాయపడాలి. కస్టడీలో ఉన్న ప్రతివారికీ 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత వకీలు హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాసిపెట్టడం మన యువతకు చేతనైన పనే. రోగులకు, అశక్తులకు బెయిలు ఇవ్వవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్ చెబుతోంది. ఊపా వంటి చట్టాల కింద ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. దాన్ని మార్చమని మన ప్రతినిధులను అడగాలి. నర్సింగ్, వైద్యం చదివే మన పిల్లలు జైలు ఆసుపత్రి ఉద్యోగాన్ని పనికిరాని పోస్టుగా చూడకుండా పిలుపుగా చూడాలి.

నీళ్లు తాగడానికి ఒక స్ట్రా కోసం ఇంకో వృద్ధుడు కోర్టుకెక్కే రోజు రాకూడదు. అందుకు కావలసిన ధైర్యాన్ని ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.

– సంపాదకవర్గం, చందాపుర