అండమాన్ పోదాం.. జరావాల దారిన మాత్రం వద్దు



ఈ మాటలు ఉప్పల్, నాచారం, చిలుకానగర్, రామంతాపూర్ రూముల్లో ఉంటున్న మీకోసం. ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి, ఉట్నూరు నుంచి, అమ్రాబాద్ నుంచి చదువు కోసమో కొలువు కోసమో వచ్చినోళ్లు మీరు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టులు చేసేటోళ్లున్నరు, హబ్సిగూడ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేటోళ్లున్నరు. చాలామంది ఇండ్లల్లో నెలజీతం చూసిన మొదటి తరం మీదే. నాలుగు పైసలు మిగిలినయి, వారం సెలవు దొరికింది, దోస్తులతో కలిసి సముద్రం చూసొద్దామనుకుంటున్నరు. చూడాలె. అడవిలో పుట్టినోడు సముద్రం చూడొద్దని ఏ చట్టంలోనూ లేదు. "ఆదివాసీలకు టూర్లెందుకు" అనే నోరు ఎవరిదైనా ఉంటే, ఆ నోటికి మనం జవాబు చెప్పుకోవాల్సిన పనిలేదు.

కానీ టికెట్ కొనేముందు ఒక ప్రశ్న వేసుకోవాలె: మనం చూడబోయే చోటు ఎవరిది?

ట్రావెల్ ఏజెంటు ఇచ్చే అండమాన్ ప్యాకేజీ కాగితం ఒకసారి తీసి చూడండి. అన్నీ కొంచెం అటుఇటుగా ఒకే తీరు. శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం. మొదటి రోజు సెల్యులార్ జైలు. ఆ తర్వాత హావ్‌లాక్, అక్కడ రాధానగర్ బీచ్. నీల్ ద్వీపం, స్కూబా డైవింగ్. వీటితోపాటు చాలా ప్యాకేజీల్లో ఇంకో రోజు ఉంటది: బారాటాంగ్. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం. ఆ రోజు నిద్ర లేపేది తెల్లవారుజామున మూడింటికి. ఎందుకంటే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ వరుస కట్టాలె. పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా అడవిలోకి వదులుతరు. ఫొటోలు తీయొద్దు, బండి ఆపొద్దు, కిటికీ దించొద్దు అని చెప్తరు.

మామూలు అడవికి ఇన్ని షరతులెందుకు? అది జరావాల ఇల్లు కాబట్టి. ఆ రోడ్డు వాళ్ల రిజర్వు మధ్య నుంచి పోతది. గుహలు చూడటానికే పోతున్నమని అందరూ అంటరు. దారి పొడుగునా కిటికీ అద్దానికి ముఖం ఆనించి దేన్ని వెతుకుతరో కూడా అందరికీ తెలుసు.

ఆ దారి పేరు అండమాన్ ట్రంక్ రోడ్. 1970లలో అడవిని చీల్చుకుంటూ వేసిన్రు. జరావాలు ఊరుకోలేదు, బాణాలతో ఎదిరించిన్రు. 1990ల చివర్లో గానీ వాళ్లు బయటివాళ్లతో శాంతంగా కలవడం మొదలుకాలేదు. కలిసిన కొద్దికాలానికే, 1999లో, తట్టు సోకింది. బయటి రోగాలను తట్టుకునే శక్తి లేని మనుషులకు మన దగ్గూ తుమ్మూ కూడా ఆయుధాలే. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆ రోడ్డును రిజర్వు భాగంలో మూసేయమని చెప్పింది. మూయలేదు. 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక 'ది అబ్జర్వర్' ఒక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జరావా ఆడపిల్లలను టూరిస్టుల ముందు నాట్యం చేయించిన వీడియో అది. దేశమంతా గగ్గోలు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో టూరిస్టు బండ్లు ఆగినయి. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ కదిలినయి. 2011 జనాభా లెక్కల ప్రకారం జరావాలు 380 మంది. మన దగ్గర ఒక పెద్ద గూడెం అంత. ఆ గూడెం మధ్య నుంచి ఏండ్ల తరబడి టూరిస్టు కాన్వాయ్‌లు పోతున్నయి.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. ఈ కథ మనకు కొత్తదా?

అరకులో రిసార్టు మంట చుట్టూ మన అక్కచెల్లెళ్లు ధింసా ఆడితే, కుర్చీల్లో కూర్చున్నోళ్లు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకోవడం మనకు తెలుసు. ధింసా మన పండుగలది, మన పెండ్లిండ్లది. డబ్బులిచ్చి "ఇంకోసారి ఆడండి" అన్నప్పుడు అది ఏమైతదో వేరే చెప్పాల్నా? అరకు పోయినోళ్లంతా చూసే బొర్రా గుహలు కూడా మన పోరాట చరిత్రే. ఆ బొర్రా పంచాయతీ గూడేల భూముల్లో ప్రైవేటు గనుల లీజుల మీద నడిచిన కేసే 'సమత' కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వమైనా సరే ఆదివాసేతరులకు గనుల లీజు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది అక్కడి నుంచే. గుహలో లైట్లు చూపే గైడ్లు ఈ సంగతి చెప్పరు.

2025 జనవరిలో విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగింది. మన్యంలో టూరిజం పెరగాలంటే 1/70 చట్టాన్ని సడలించాలన్నట్టుగా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు అక్కడ మాట్లాడిన్రు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటల మన్యం బంద్ జరిగింది. చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. టూరిజం పేరుతో మన కాళ్లకింది నేలకే ఎసరు వస్తదని ఆ బంద్‌లో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు.

వన్యప్రాణుల సంగతీ అంతే. నల్లమలలో ఫర్హాబాద్ సఫారీ జీపు ఎక్కేటోళ్లకు అది పులుల అడవి. చెంచులకు అది ఇల్లు. కవ్వాల్ టైగర్ రిజర్వులో మైసంపేట, రాంపూర్ గూడేలను 2024లో బయటికి తరలించిన్రు. 2025లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులుల కారిడార్ పేరుతో జీవో 49 వచ్చింది. మనవాళ్లు బంద్‌లు చేస్తే జులైలో దాన్ని పక్కన పెట్టిన్రు. పులికి మనం శత్రువులం కాదు. పులిని దేవరగా కొలిచినోళ్లం. కానీ "మనుషులు లేని అడవే అసలైన అడవి" అనే ఆలోచన టూరిస్టు ఫొటోకు పనికొస్తదేమో గానీ, అడవికి పనికిరాదు.

అందుకే మనం అడుగుతున్నది ఒక్కటే. అరకులో కుర్చీలో కూర్చుని చూసేటోడి మీద మనకు కోపం ఉంటే, జిర్కాటాంగ్ కాన్వాయ్‌లో మనం ఎట్ల కూర్చుంటం? అద్దానికి అవతల ఇన్నాళ్లు ఉన్నోళ్లం, ఇవతలికి రాగానే అదే కండ్లతో చూడటం నేర్చుకోవద్దు.

పేరు సంగతి కూడా ఆలోచించండి. జరావా అనేది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, పక్క తెగవాళ్లు పెట్టింది. వాళ్లు తమను తాము 'అంగ్' అనుకుంటరు. మనల్ని లోకం గోండులన్నది, మనం కోయితూర్ అనుకుంటం. 2018లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పాత పేర్లు తెల్లదొరలవి, కొత్తవి ఢిల్లీవి. వేల ఏండ్లుగా ఆ నేల మీద బతికినోళ్లు దాన్ని ఏమని పిలుచుకుంటరో అడిగినోడు లేడు.

ఎన్ని వేల ఏండ్లు అంటరా? జవాబు మీ రూముకు దగ్గర్లోనే ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే వచ్చే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది కదా, దాని చిరునామా ఉప్పల్ రోడ్డే. అక్కడి శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్ ఆదివాసుల డీఎన్‌ఏను పరిశీలించి, 2005లో 'సైన్స్' పత్రికలో అచ్చు వేసింది. ఓంగే, గ్రేట్ అండమానీస్ ప్రజల మూలాలు ఆఫ్రికా దాటి వచ్చిన తొలి మనుషుల దాకా, 50 వేల ఏండ్లకు పైగా వెనక్కి పోతయని అంచనా కట్టిన్రు. అంత పాత జనం బ్రిటిషోళ్లు జైలు ఊరు పెట్టిన 1858 తర్వాత ఎట్ల కరిగిపోయిన్రో చూడండి. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీస్ 2011 నాటికి 44 మంది మిగిలిన్రు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే ముసలమ్మ చనిపోతే 'బో' భాష మాట్లాడే మనిషే లేకుండా పోయింది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటేయొద్దు. బారాటాంగ్‌లో పడవలు నడిపి, హోటళ్లు పెట్టుకుని బతికేటోళ్ల సంగతేంది? వాళ్లలో చాలామంది 'రాంచీవాలాలు'. అంటే ఛోటానాగ్‌పూర్ ఉరావ్, ముండా, ఖడియా ఆదివాసులు. 1918 నుంచి బ్రిటిషోళ్లు వాళ్లను అడవులు కొట్టే పనికి అక్కడికి తోలుకపోయిన్రు. ఒక ఆదివాసీ అడవిని ఇంకో ఆదివాసీ చేత కొట్టించిన్రు. అక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు కూడా లేదు. మన దగ్గర గొత్తికోయల గోస తెలిసినోళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. వాళ్ల బతుకుతెరువు నిలవాలె, ఉత్తర అండమాన్ జనానికి దవాఖానకు పోయే తొవ్వ ఉండాలె. దానికి మార్గం సముద్రం మీదుగా పడవలు నడపడం. బారాటాంగ్ వద్దని కాదు, జరావాల ఇంట్లోంచి పోయే దారి వద్దని మన మాట.

ఇంకో ముప్పు గ్రేట్ నికోబార్‌ది. అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కలిపి 72 వేల కోట్ల రూపాయల ప్రాజెక్టు వస్తున్నది. 130 చదరపు కిలోమీటర్ల అడవి దానికింద పోతది. పెద్ద సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే గలాతియా తీరాన్ని 2021లోనే అభయారణ్యం జాబితా నుంచి తీసేసిన్రు. అది షోంపెన్‌లు, నికోబారీల నేల. ముందు ఇచ్చిన సమ్మతిని అక్కడి ట్రైబల్ కౌన్సిల్ 2022 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నది. గ్రామసభ మాట విననప్పుడు మన ఊర్లలో ఏమైతదో, అక్కడా అదే అయితున్నది.

అండమాన్ కాదు, శ్రీలంక పోతమంటరా? అక్కడా బీచులున్నయి, ఏనుగులున్నయి. అక్కడా వెద్దా ఆదివాసులున్నరు. 1983లో మాదురు ఓయా నేషనల్ పార్కు ఏర్పడ్డాక తమ వేటనేలలోనే వాళ్లు నేరస్తులైన్రు. ఏ దేశం పోయినా ఈ ప్రశ్న మీవెంటే వస్తది.

మరి ఎట్ల పోవాలె? ఏజెంటును సూటిగా అడగండి: "ఈ దారి జరావా రిజర్వులోంచి పోతదా?" అవునంటే ఆ రోజు తీసేయించండి, డబ్బు తగ్గించమనండి. ఎందుకు తీసేస్తున్నరో గట్టిగా చెప్పండి, పక్కన కూర్చున్నోళ్లకు కూడా వినపడాలె. ఆ రోజును వండూర్ మెరైన్ పార్కుకో, చిడియా టాపు పక్షులకో ఇవ్వండి. పగడాలు, గవ్వలు మూటగట్టుకుని రాకండి, చట్టం ఒప్పుకోదు. ఆదివాసుల ఫొటోలు, వీడియోలు ఎవరు పంపినా ముందుకు పంపకండి. 1956 రెగ్యులేషన్ ప్రకారం రిజర్వులోకి చొరబడటం, ఫొటోలు తీయడం జైలు శిక్ష పడే నేరాలు.

సెల్యులార్ జైలు మాత్రం తప్పక చూడండి. అక్కడ గైడు చెప్పే పేర్లలో మనవాళ్ల పేరు వినపడకపోతే మీరే చెప్పండి. మన్యంలో అల్లూరి సీతారామరాజుతో కలిసి కొట్లాడిన గాం మల్లుదొరకు ద్వీపాంతర శిక్ష వేసి అండమాన్‌కే పంపిన్రు. బతికి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు గెలిచిండు. మన మనిషిని సంకెళ్లతో తీసుకపోయిన సముద్రం మీద మీరు ఇప్పుడు మీ సొంత డబ్బుతో, మీ ఇష్టంతో ప్రయాణం చేస్తున్నరు. తలెత్తుకుని పోండి. ఇంకొకరి అడవి అంచు రాగానే, పిలవని ఇంటి గడప ముందు ఆగినట్టు ఆగండి.

జల్, జంగల్, జమీన్ మన నినాదం. అది మన జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయేది కాదు. జరావాలకూ అదే హక్కు, షోంపెన్‌లకూ అదే హక్కు.

జై ఆదివాసీ! మావ నాటే మావ రాజ్!