ఇంజనుకంటె కిరాయి బరువు

వానకారు దుక్కుల వేళ ట్రాక్టరు ఇంజను చెడినచో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రైతు పడు పాట్లు ఇంతింత యనరాదు. ఎద్దు కుంటిదైనచో పొరుగువాని కాడి దొరకును. ఇంజను పగిలినచో నట్టి యుపాయము లేదు. క్రొత్తది కొనుట తలకు మించిన పని. పాత వాహనభాగములకు పేరుపొందిన ఢిల్లీ మాయాపురివంటి బజారులలో వాడిన ఇంజను తక్కువ వెలకు దొరకవచ్చును. కాని యది యిల్లు చేరునప్పటికి కిరాయి, హమాలీ, గోదాము రుసుము, దారిదెబ్బలు కలిసి చవుకబేరమును మ్రింగివేయుచున్నవి.

2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు మహబూబునగరు జిల్లానుండి యీ మూడు జిల్లాలు వెలసినవి. కచ్చేరీలు చేరువయ్యెను, రవాణా చేరువ కాలేదు. గద్వాలకు రైలు కలదు. 2013లో రాయచూరు మార్గమును తోడయ్యెను. వనపర్తి పేరిటి స్టేషను వనపర్తిలో గాక మదనాపురమున నున్నది. నాగర్‌కర్నూలు పట్టణమునకు రైలే లేదు. గద్వాల మాచర్ల మార్గము దశాబ్దులుగా కోరికగానే నిలిచినది. ఐనను శ్రీనగరునుండి కన్యాకుమారికి బోవు 44వ జాతీయ రహదారి ఢిల్లీని దాటి, కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి కూడలి మీదుగా మన గుమ్మము ముందే సాగుచున్నది. ఉత్తరాది లారీలు రేయింబవళ్లు దానిపై పోవుచుండగా, ఒక్క ఇంజను దింపుకొనుటకు మనకు దారి దొరకకుండుట వింత గాదా?

బరువైన ఒంటి సరకునకు పూర్తి లారీ మాట్లాడుట అవివేకము. పదిమంది సరకులతో గలిపి పంపు పార్టు లోడే చవుక. ఇంటివరకు దెమ్మనక, లారీ ఆఫీసు గోదామునుండి తామే తెచ్చుకొన్నచో మరికొంత మిగులును. రైలు పార్సెలు రుసుము తక్కువగా దోచవచ్చును. కాని రెండు నిమిషములు మాత్రమే రైలాగు చోట వందల కిలోల ఇనుమును దింపువా రెవరు? కావున కిలో ధర నొక్కటే విచారింపక, ఇల్లు చేరువరకగు మొత్తము వ్యయమును లెక్కింపవలెను.

పంపుటకు ముందు నూనెను, నీటిని పూర్తిగా వార్చవలెను. రంధ్రములన్నియు మూయవలెను. భారము అడుగునున్న నూనె తొట్టిపై బడకుండ, ఇంజనును గట్టి చెక్కచట్రమునకు బోల్టులతో బిగింపవలెను. ఇంజను నంబరు తెలియునట్లు ఫొటోలు తీయవలెను. ఆ నంబరు వాహన రిజిస్ట్రేషను పత్రమున నుండును గనుక, ఇంజను మార్చుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట మేలు. సరకు వెల 50,000 రూపాయలు మించినచో ఈ-వే బిల్లు సంగతియు అడుగవలెను.

చట్టము మనకు తోడు లేకపోలేదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టమును, 2011 నాటి నియమములును లారీ కంపెనీని బాధ్యునిగా జేసినవి. ఐతే హెచ్చు వెలకు ముందుగా ఒడంబడినగాని, నష్టపరిహారము కిరాయికి పదిరెట్లతో ఆగిపోవును. బుక్ చేసిన నాటినుండి 180 దినములలో వ్రాతమూలకమగు నోటీసు ఇయ్యనిచో దావాకు త్రోవ మూసికొనును. రైలునందును, సరకుదారుని పూచీపై తక్కువ రుసుమునకు పంపినచో, రైల్వేవారి అజాగ్రత్తను ఋజువు చేయు భారము మనపైనే పడును. రసీదుపై చిన్న యక్షరములలో ఇంగ్లీషున ముద్రించిన యీ సంగతులను మన రైతు చదువుటెట్లు?

ఒక్క సరకుకొఱకు లారీ నాపలేమని రవాణాదారు లందురు. అది న్యాయమే. కావుననే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు ముందుకు రావలెను. పది గ్రామముల సరకులను గూర్చి, ఒకే నాడు, ఒకే చోట దింపునట్లు ఏర్పాటు చేసినచో కిరాయి తగ్గును. ఎర్రవల్లివద్దనో, పెబ్బేరువద్దనో ఒక గోదామును, బరువు దింపు యంత్రమును నెలకొల్పుట ప్రభుత్వమునకు భారము గాదు. రసీదుల షరతులు తెలుగున నుండవలెను. గద్వాల స్టేషనున బరువుసరకులకు తగిన వసతియు గల్పింపవలెను.

పాలమూరు కూలీలు దేశమంతట తిరిగి ఆనకట్టలకు మన్ను మోసిరి. పరుల యూళ్లకు నీరు పారుటకు వారి భుజములు ఆధారమయ్యెను. అట్టి గడ్డకు ఒక ఇంజనును సరసమగు కిరాయికి జేర్చలేకపోవుట దూరమువలన గలిగిన లోపము గాదు, పూనికలేమివలన గలిగిన లోపము. వచ్చు వానకారునకు ముందే మన సంఘములు ఆ పూనిక వహించుగాక యని మేము కోరుచున్నాము.