తగ్గింపు ఎవరు చూపాలి? విధేయత ఎవరికి?

మన గూడేల ప్రార్థన మందిరాల్లో ప్రతి ఆదివారం వినిపించే మాటలు మూడు: తగ్గింపు, ప్రేమ, విధేయత. మూడూ గొప్ప మాటలే. అవి లేని క్రైస్తవ జీవితం ఉత్త పేరు మాత్రమే. కాని ఈ మాటలు ఎవరికి చెబుతున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో ఒకసారి గమనించండి.

కూలి తక్కువిచ్చిన ఆసామికి తగ్గింపు గురించి ఎవరూ చెప్పరు. కూలి చాలదని అడిగినవాడికి చెబుతారు. సంతలో చింతపండు తూకంలో మోసం చేసిన షావుకారికి ప్రేమ గురించి ఎవరూ చెప్పరు. మోసపోయిన అవ్వకు క్షమించమని చెబుతారు. గ్రామసభ పెట్టకుండా కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునే అధికారికి విధేయత గురించి ఎవరూ చెప్పరు. ఆ కాగితంలో ఏముందని అడిగిన కుర్రవాడికి చెబుతారు. పైవాడికి మినహాయింపు, కిందివాడికి వాక్యం! ఇది బైబిలు బోధ కాదని నేను గట్టిగా అంటున్నాను.

ముందు తగ్గింపు సంగతి చూద్దాం. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ కాలంలో అది దాసుడు చేసే పని. గురువు దాసుడి పని చేశాడు. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయంలోనూ ఇదే సంగతి. దేవునితో సమానుడైనవాడు తనను తాను రిక్తుని చేసుకుని మనిషిగా దిగివచ్చాడు. రెండు చోట్లా దిగింది పైనున్నవాడే. ఎప్పుడో కిందకు నెట్టబడినవాణ్ణి ఇంకా కిందకు దిగమనడానికి తగ్గింపు అని పేరు పెట్టకూడదు.

మనలో వంగి నిలబడే అలవాటు ఒకటుంది. అది వాక్యం నేర్పిన అలవాటు కాదు, వెట్టి నేర్పిన అలవాటు. 1922లో మన్యం తిరుగుబాటుకు ముందు గూడెం కొండల్లో మన తాతలచేత రోడ్ల పనికి వెట్టి చేయించారు. అధికారి కనిపిస్తే పక్కకు తప్పుకోవడం, ఎదురు మాట్లాడకపోవడం అలా వంటబట్టాయి. భయం వేరు, వినయం వేరు. భయపడేవాడికి వేరే దారి లేక వంగుతాడు. వినయం ఉన్నవాడు నిటారుగా నిలబడగలిగి కూడా పక్కవాడి కోసం వంగుతాడు. మన పిల్లలకు ముందు నిటారుగా నిలబడడం రావాలి.

ఇక విధేయత. రాజులు మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు కథ ఉంది. అహాబు రాజు అతని ద్రాక్షతోట అడిగాడు. దానికి బదులు ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే సొమ్ము ఇస్తానన్నాడు. నాబోతు ఒప్పుకోలేదు. అది తన పితరుల స్వాస్థ్యం, ఇవ్వడం దేవుని ఎదుట తగదన్నాడు. రాణి యెజెబెలు దొంగ సాక్షులను పెట్టి అతన్ని రాళ్లతో కొట్టించి చంపించింది. అప్పుడు దేవుడు ఏలీయా ప్రవక్తను ఎవరి దగ్గరకు పంపాడు? రాజుకు ఎందుకు లోబడలేదని నాబోతును నిందించడానికి కాదు, అహాబును నిలదీయడానికి పంపాడు.

ఈ కథ మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? మన ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉంది. దాన్ని సవరిస్తూ 1970లో వచ్చినదాన్నే మనం 1/70 అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని ఆ చట్టం. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కౌలు, దానం కూడా చెల్లవు. అలాంటప్పుడు ఎవరైనా వచ్చి “దేవుని పనికోసం ఈ చెక్క నా పేరున రాయి, విధేయత చూపు” అంటే, అతను గిరిజనేతరుడైతే, ఆ అడగడమే చట్టానికి అవిధేయత. అక్కడ కాదనేవాడే నాబోతు వారసుడు.

“పై అధికారులకు లోబడాలని రోమా పత్రిక 13వ అధ్యాయం చెప్పలేదా?” అని కొందరు అడుగుతారు. చెప్పింది. అయితే నేడు మన దేశంలో పై అధికారం ఏది? రాజ్యాంగం. అందులోని అయిదవ షెడ్యూలు, 1/70, 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం, ఇవన్నీ ఆ అధికారం ఇచ్చినవే. గ్రామసభను దాటిపోయే ఉద్యోగి ఆ అధికారానికి లోబడనివాడు. గ్రామసభ పెట్టమని అడిగే యువకుడే లోబడినవాడు.

ఆ పత్రిక రాసిన పౌలు ఎలా నడుచుకున్నాడో కూడా చూడాలి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి చెరసాలలో వేశారు. మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. పౌలు కదల్లేదు. తాను రోమా పౌరుణ్ణని చెప్పి, అధికారులే స్వయంగా వచ్చి తీసుకువెళ్లాలని పట్టుబట్టాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. రెండో చెంప చూపమన్న యేసు కూడా, ప్రధానయాజకుడి ఎదుట బంట్రౌతు కొట్టినప్పుడు, తప్పు ఏం మాట్లాడానో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. హక్కు అడగడం గర్వమైతే పౌలు గర్విష్ఠి కావాలి. ఐగుప్తులో మగశిశువులను చంపమన్న ఫరో మాట వినని మంత్రసానులు షిఫ్రా, పూయా ద్రోహులు కావాలి. దేవుడు వాళ్లకు మేలు చేశాడని నిర్గమకాండమే చెబుతోంది.

ప్రేమ సంగతి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ వేదనాయగం శామ్యూల్ అజరయ్య లేచి, మిషనరీలు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు ఇప్పుడు స్నేహితులు కావాలన్నారు. 1912లో ఆయనే మన దోర్నకల్లుకు బిషప్ అయ్యారు. నూరేళ్లు దాటినా ఆ మాట మాసిపోలేదు. దుప్పట్లు పంచడం ప్రేమే. కాని మన ఇంట్లో కూర్చుని అంబలి తాగడం, కోయ మాట, కువి మాట నేర్చుకుని మన భాషలో ప్రార్థించడం అంతకంటే పెద్ద ప్రేమ. ఇరవై ఏళ్లు గూడెంలో సేవ చేసి గూడెం భాషలో నాలుగు ముక్కలు రాని సేవకుడికి తగ్గింపు గురించి బోధించే అర్హత ఎక్కడిది?

ఇప్పుడు మన యువతను కూడా అడగాలి. బాప్తిస్మం తీసుకున్న మర్నాటి నుంచి పండగనాడు మేనమామ ఇంటి గుమ్మం తొక్కని వాళ్లున్నారు. భూమి పండగ చేసే తాతను అందరి ముందు చీకటిలో ఉన్నవాడని అనేవాళ్లున్నారు. పూజలో పాలుపంచుకోకపోవడం నీ విశ్వాసం. ఆ తాతను చులకన చేయడం నీ గర్వం. అడవిలో ఏ ఆకు ఏ జ్వరానికి పనికొస్తుందో ఆయన దగ్గరే నేర్చుకున్నావు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞలో విశ్వాసులైన తల్లిదండ్రులనే అని లేదు. ఇంట్లో కూడా అంతే. భార్య లోబడాలన్న మాట అందరికీ కంఠతా వచ్చు. ఎఫెసీ పత్రికలో దానికి ముందే ఒకరికొకరు లోబడాలని ఉంది. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్యను ప్రేమించాలని తర్వాత ఉంది. ఆ రెండూ ఎవరూ చదవరు.

ఉపాధ్యాయులారా, ఆశ్రమ పాఠశాలలో నోరెత్తని పిల్లకే మంచి పిల్ల అని పేరు. కడుపునొప్పి అని చెప్పడానికి కూడా భయపడే పిల్లను విధేయురాలు అనకండి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడిగాడు. తర్వాత తల్లిదండ్రుల వెంట ఇంటికి వెళ్లి వాళ్లకు లోబడి ఉన్నాడు. ప్రశ్న, విధేయత ఒకే పిల్లవాడిలో ఇమిడాయి. మీ తరగతిలో కూడా ఇముడుతాయి.

ఈసారి ఎవరైనా మీతో తగ్గించుకో అంటే మర్యాదగానే అడగండి: “అయ్యా, ముందు మీరు ఎవరి కాళ్లు కడిగారు?” కడిగినవాడైతే ఆయన మాట వినండి, ఆయన పక్కన మీరూ తువాలు కట్టుకోండి. కడగనివాడైతే, వాక్యం ముందు ఆయనకే చెప్పాలి.