ఇల్లు కట్టి చూడాలంటే...

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ మాట అన్న పెద్దలకు కట్టడానికి స్థలం ముందే ఉండి ఉంటుంది. మన ఇళ్లల్లో ఆ సామెత స్థలం దగ్గరే ఆగిపోతోంది. పెళ్లిళ్లు మాత్రం అప్పు చేసైనా జరిగిపోతున్నాయి, అది వేరే సంగతి.

ఈ హాస్టల్లో చదువుకొని, డిగ్రీలు పూర్తిచేసి, పి.జి. వరకు వచ్చిన పూర్వ విద్యార్థులం మేము. మాలో చాలామంది ఇంటికి మొదటి పట్టభద్రులం. మా నాన్నలు, చిన్నాన్నలు హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వెళ్లి సెంట్రింగు కొట్టి, ఇటుకలు మోసి అంతస్తుల మీద అంతస్తులు లేపినవాళ్లు. సంక్రాంతికి ఊరొస్తే మాత్రం ఒకే గదిలో రెండు కుటుంబాలు సర్దుకొని పడుకుంటారు. ఎన్నో ఇళ్లు కట్టిన చేతులకు సొంత ఇల్లు ఎందుకు అందడం లేదన్నదే మా ప్రశ్న.

బొబ్బిలి పెద్ద నగరమేమీ కాదు. వీణకూ, 1757 నాటి యుద్ధానికీ పేరుపడ్డ పట్టణం. అయినా గ్రోత్ సెంటరు వచ్చింది, ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీలు వచ్చాయి, 2022 ఏప్రిల్లో రెవెన్యూ డివిజన్ వచ్చింది. చుట్టూ పొలాల్లో రాళ్లు పాతుతూనే ఉన్నారు. 2023 మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగితే, దాని పేరు చెప్పి ఎంతో దూరంలో ఉన్న పొలానికి కూడా రేటు కడుతున్నారు. "రేపు పెరుగుతాది" అన్న మాటే ఈ రోజు రేటును పెంచుతోంది. కొనేవారిలో చాలామంది కాపురం ఉండడానికి కొనడం లేదు, డబ్బు దాచుకోవడానికి కొంటున్నారు. అందుకే ఆ లేఔట్లలో ఇళ్ల కన్నా తుమ్మ మొక్కలే ఎక్కువ కనిపిస్తాయి!

"బ్యాంకులు అప్పులిస్తున్నాయి కదా" అంటారు కొందరు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 10 లక్షల రూపాయల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 సంవత్సరాల గడువు అనుకుంటే నెలకు సుమారు 8,700 రూపాయలు కట్టాలి. ఏడాదికి లక్ష దాటుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. 100 రోజులూ పూర్తిగా పని దొరికినా 30,700. అంటే ఒక్క ఏడాది వాయిదాలు కట్టడానికి మూడేళ్ల ఉపాధి కూలి కూడా చాలదు. పైగా బ్యాంకువారు జీతం చీటీ అడుగుతారు, లేదా ఆదాయపు పన్ను కాగితం అడుగుతారు. అడ్డా మీద నిలబడేవాడికి చీటీ ఎవరిస్తారు? గ్రామకంఠంలో ఉన్న తాతల ఇంటిని తనఖా పెడదామంటే దానికి దస్తావేజు ఉండదు.

ఇక మిగిలింది ప్రభుత్వమే. ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనము, అలా అంటే అది అబద్ధమవుతుంది. 1979లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఎన్.టి.ఆర్. కాలంలో పక్కా ఇళ్లు వచ్చాయి, 2006 తర్వాత ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. మన వాడల్లో నిలబడి ఉన్న స్లాబులు చాలావరకు ఆ పథకాలవే. కానీ తాతకు వచ్చిన ఒక్క గదిని కొడుకులు పంచుకున్నారు, ఇప్పుడు మనవళ్ల వంతు వచ్చింది. గదికి మధ్యలో చీర కట్టి రెండు కాపురాలు చేసుకుంటున్నవాళ్లు మాకు తెలుసు.

2020 డిసెంబరు 25న పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టారు. సెంటు అంటే 48.4 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టాలి, దానికి ఇచ్చేది 1.80 లక్షలు. సిమెంటు, ఇనుము, తాపీమేస్త్రి కూలి పెరిగాయి, ఆ 1.80 లక్షలు మాత్రం పెరగలేదు. చాలా ఇళ్లు పునాదుల దగ్గర ఆగిపోయాయి. 2025 మార్చిలో అలా ఆగిన ఇళ్లకు ఎస్.సి., బి.సి.లకు 50 వేలు, ఎస్.టి.లకు 75 వేలు అదనంగా ప్రకటించారు. ముందు ఇచ్చింది చాలలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా! ఇప్పుడు పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు అంటున్నారు. మంచిదే. కానీ చవకగా దొరికే భూమి ఊరికి దూరంగానే దొరుకుతుంది. పొద్దున్నే అడ్డాకు రావడానికి, పిల్లలు బడికి రావడానికి ఆటో చార్జీలు ఎవరూ లెక్క కట్టరు. నీళ్లు, రోడ్డు, కరెంటు రాకుండా ఇల్లు పూర్తయినా తాళం వేసి ఉంచాల్సిందే.

సొంత ఇంటి మాట అటుంచితే, హాస్టల్ దాటిన మరునాడే మనకు ఎదురయ్యేది అద్దె ఇల్లు. దీని గురించి ఎవరూ రాయరు. టులెట్ బోర్డు చూసి మెట్లెక్కితే మొదటి ప్రశ్న అద్దె గురించి రాదు. "మీరేమిట్లు బాబూ?" అని వస్తుంది. చెప్పాక, "మా చుట్టాలు దిగుతామన్నారు బాబూ, ఏమీ అనుకోకు" అంటారు. బోర్డు మాత్రం మరో నెల అక్కడే వేలాడుతుంది. ఊళ్లో వంద ఇళ్లు ఖాళీ ఉన్నా మనకు తెరుచుకునేవి పదే అయితే, ఆ పదింటి కోసం మనమే ఒకరితో ఒకరం పోటీ పడతాం. అద్దె పెరగక ఏమవుతుంది? అర్థశాస్త్రం పుస్తకాల్లో గిరాకీ, సరఫరా అని చదువుకున్నాం గానీ, కులం వల్ల సరఫరా తగ్గుతుందని ఏ పాఠంలోనూ చదవలేదు.

కాబట్టి అందరికీ సొంత ఇల్లు అన్న నినాదంతో పాటు, ప్రభుత్వమే తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లు కూడా కావాలని మా అభిప్రాయం. ఇది కొత్త ఊహ కాదు. వలస కార్మికులు నడిచి ఇళ్లకు చేరిన 2020లోనే కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలోనూ అద్దె ఇళ్లకు ఒక విభాగం ఉంది. బొబ్బిలి లాంటి చిన్న పట్టణంలో, కాలేజీకి, రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లే దూరంలో, ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు, గ్రోత్ సెంటరు కార్మికులకు అలాంటివి ఎందుకు కట్టకూడదు? ఎస్.సి. కాలనీ లేఔట్లకు నీళ్లు, రోడ్లు వేయడానికి 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం ఉండనే ఉంది.

ఈ రెండు విషయాలతో కలెక్టరు గారికి ఇవ్వడానికి ఒక అర్జీ రాశాం. వార్షికోత్సవం రోజున భోజనాల పందిరి దగ్గర ఒక లాంగ్ నోటు పుస్తకం, పెన్ను పెట్టి ఉంచుతాం. సంతకం పెట్టేటప్పుడు పేరు పక్కన ఇప్పుడు ఉంటున్నది సొంత ఇల్లో, అద్దె ఇల్లో, అద్దె అయితే నెలకు ఎంతో కూడా రాయండి.