ఛాతీ అదిరితే ఆత్మ దిగినట్టేనా?



మన అరకు కొండల్లోని మందిరాలకు బేస్ గిటార్ వచ్చింది. సంతోషమే. దానితోపాటు ఒక తప్పుడు బోధ కూడా వచ్చింది. బేస్ నాబ్ ఎంత తిప్పితే ఆరాధన అంత బలమట. రేకుల కప్పు అదిరి ఛాతీలో దడ పుడితే "ఈరోజు ఆత్మ బలంగా దిగాడు" అంటున్నారు. ఈ మాటను మేము ఒప్పుకోము. అది ఆంప్లిఫయర్ చేసిన కార్యం. సినిమా హాల్లోనూ ఛాతీ అదురుతుంది. అక్కడ ఎంతమంది మారుమనస్సు పొందారు? హోరేబు కొండ మీద ఏలీయా ఎదుట భూమి కంపించింది గాని ఆ కంపంలో యెహోవా లేడు. నెమ్మదైన స్వరం తరువాత వచ్చింది.

ముందు ఆ వాయిద్యాన్ని తెలుసుకుందాం. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు రెండే నాబ్‌లు: వాల్యూమ్, టోన్. ఆ టోన్ నాబ్ దేన్నీ పెంచదు. తెరిస్తే తీగ పదును వినబడుతుంది, మూస్తే ఆ పదును తగ్గుతుంది, అంతే. బ్యాటరీ వేసే యాక్టివ్ గిటార్లు వేరు. వాటిలో చాలావాటికి బేస్, మిడ్, ట్రెబుల్ విడివిడిగా ఉంటాయి. నాబ్ నడిమిలో ఉంటే పెంచడమూ లేదు, తగ్గించడమూ లేదు.

మన పిల్లలు కేబుల్ పెట్టగానే బేస్‌ను చివరిదాకా తిప్పి, మిడ్‌ను కిందికి దించుతారు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మన మైక్‌సెట్టు గొట్టాలు అంత లోతు శబ్దాన్ని పలకలేవు. చిన్న బాక్సులు పలకబోయి గరగరలాడతాయి. ఏ స్వరం వాయించారో చెవికి చెప్పేది ఎక్కువగా మిడ్. అది పోతే మోత మిగులుతుంది, పాట మిగలదు.

నష్టం ఎవరికి? పాటలు కంఠతా వచ్చిన యౌవనులకు కాదు. కొండ దిగి నడిచి వచ్చిన ముసలమ్మకు. ఇంట్లో ఆమెది కువి, లేదా ఆదివాసీ ఒడియా. తెలుగు రెండో భాష. చదువు రాదు, పాటల పుస్తకం చేతిలో పెట్టినా ఉపయోగం లేదు. వాక్యం ఆమెకు చెవి ద్వారానే అందాలి. ఆ చెవికి మనం మోతతో అడ్డం పడుతున్నాం. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు పిల్లనగ్రోవిని, వీణను చూపించి మందలించింది ఇందుకే. స్వరాల తేడా తెలియకపోతే విన్నవారికి ఏం లాభం?

అలాగని గిటారే వద్దనే పెద్దలతోనూ మేము ఏకీభవించము. మీరు ప్రేమించే హార్మోనియం ఐరోపా నుండి వచ్చినదే కదా! థింసాలో డప్పు, తుడుము ఎంత మోగినా మోరి రాగం మునిగిపోదు. ఆ తెలివి ఈ లోయలోనే ఉంది. మందిరం గుమ్మం దాటగానే దాన్ని ఎందుకు వదిలేస్తున్నాం? పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు నేటికీ నిలిచింది మాటల బలం మీద.

"యౌవనులను నిరుత్సాహపరచకండి అయ్యగారూ" అనేవారున్నారు. వాయించడం నేర్పించడం నిరుత్సాహమా? తమ్ముళ్లారా, ఇలా చేయండి. అన్ని నాబ్‌లూ నడిమిలో పెట్టి మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే తిప్పండి. గిటార్ మీద పెంచిన బేస్‌నే ఆంప్లిఫయర్ మీద మళ్లీ పెంచకండి. మోత వస్తే ముందు బేస్ తగ్గించండి. వాయించాక కేబుల్ తీసేయండి, పెట్టి ఉంచితే చాలా యాక్టివ్ గిటార్లలో బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

తరువాత వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మ దగ్గరకు వెళ్లి, పల్లవిలో ఏమని పాడామో అడగండి. ఆమె చెప్పగలిగితే మీ గిటార్ సరిగ్గా పలికినట్టు. చెప్పలేకపోతే ఆ నాబ్ ఇంకా తగ్గాలి.

ప్రభువు మన చేతులను, చెవులను దీవించును గాక. ఆమేన్.