కొలిమి వేడిలోనే చిప్ భవితవ్యం

చిప్‌ల పరిశ్రమ అనగానే ఎన్ని వేల కోట్ల పెట్టుబడి, ఎన్ని ఎకరాల భూమి, ఎన్ని ఉద్యోగాలు అన్న చర్చే సాగుతోంది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కడంతో ఆ చర్చ మన జిల్లాల్లోనూ ఊపందుకుంది. అయితే ఈ పరిశ్రమ లాభనష్టాలను చాలావరకు నిర్ణయించేవి కంటికి కనిపించని లోపాలు. సిలికాన్ స్ఫటికాన్ని వేడిచేసి చల్లార్చే క్రమంలోనే వాటిలో అనేకం పుడతాయి.

సిలికాన్ 1,414 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ ద్రవానికి చిన్న బీజ స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ మెల్లగా పైకి లాగితే స్తంభంలాంటి ఏక స్ఫటికం తయారవుతుంది. పోలండ్ శాస్త్రవేత్త యాన్ చొహ్రాల్‌స్కీ 1916లో కనుగొన్న విధానమే దీనికి మూలం. ద్రవం ఉండే క్వార్ట్జ్ మూస గోడల నుంచి ఆక్సిజన్ కూడా స్ఫటికంలోకి చేరుతుంది. పది లక్షల సిలికాన్ పరమాణువులకు 10 నుంచి 20 ఆక్సిజన్ పరమాణువులు మాత్రమే ఉన్నా, వాటి ప్రభావం స్వల్పమేమీ కాదు.

స్ఫటికాన్ని పలుచని పలకలుగా కోసిన తరువాత అవి పలుమార్లు కొలిమిలోకి వెళ్లి వస్తాయి. 450 డిగ్రీల ప్రాంతంలో ఎక్కువసేపు ఉంచితే ఆక్సిజన్ పరమాణువులు గుంపులు కట్టి ఎలక్ట్రాన్లను విడుదల చేస్తాయి. ఫలితంగా పలక విద్యుత్ నిరోధం మారిపోతుంది. సుమారు 650 డిగ్రీలకు వేడిచేసి త్వరగా చల్లారిస్తే ఈ గుంపులు విడిపోతాయి. 700 నుంచి 1,000 డిగ్రీల మధ్య మాత్రం ఆక్సిజన్ సిలికాన్‌తో కలిసి గట్టి కణికలుగా పేరుకుంటుంది. ఆ కణికలు ఎక్కువ చోటు ఆక్రమించడంతో చుట్టూ ఒత్తిడి పెరిగి, పరమాణువుల వరుసలు తప్పుతాయి.

కాగా, వేడి ఎంతన్నదే కాక, అది పలక అంతటా సమానంగా ఉందా అన్నదీ ముఖ్యమే. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల పలకను హడావుడిగా చల్లారిస్తే అంచులు ముందుగా చల్లబడి, మధ్యభాగం వేడిగానే ఉండిపోతుంది. ఆ తేడాకు స్ఫటికం పొరలు జారి గీతలు పడతాయి. అక్కడ నిర్మించిన ట్రాన్సిస్టర్ల నుంచి విద్యుత్ లీకయ్యే ప్రమాదం ఉంది.

విశేషమేమిటంటే లోపాలన్నీ శత్రువులు కావు. పలక లోతులో ఏర్పడిన ఆక్సిజన్ కణికలు ఇనుము, రాగి వంటి హానికర మలినాలను పట్టి ఉంచుతాయి. అందుకే పైపొరను నిర్మలంగా ఉంచి, లోపల మాత్రం కణికలు పెరిగేలా వేడిని నియంత్రిస్తారు. లోపం ఉండటం కన్నా, అది ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇక మన సంగతికొస్తే, రాష్ట్రానికి మంజూరైంది ప్యాకేజింగ్ కర్మాగారం. తయారైన చిప్‌లను అమర్చి, పరీక్షించే పని అక్కడ జరుగుతుంది. కొలిమిలో జరిగిన పొరపాటును ఆ దశలో గుర్తించవచ్చునేమో గానీ సరిదిద్దలేరు. స్ఫటికాన్ని మలిచే అసలు వేడి గుజరాత్‌లోని ధొలేరాలో తలపెట్టిన సిలికాన్ కర్మాగారానిది. పొరుగున భువనేశ్వర్‌లో ఆమోదం పొందినది సిలికాన్ కార్బైడ్ కర్మాగారం. ఆ పదార్థంలోకి చొప్పించిన పరమాణువులను క్రియాశీలం చేయడానికి 1,600 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అంత వేడిలో కొత్త లోపాలను అదుపు చేయడం మరింత కష్టం.

మన యువత అమరిక పనులకే పరిమితం కాకుండా ఈ కొలిముల వద్దకూ చేరాలంటే పదార్థ విజ్ఞానంలో ప్రయోగ శిక్షణ అత్యవసరం. అతిశుద్ధ పదార్థాలపై పనిచేసే సీ-మెట్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఇటువంటి సంస్థలతో జిల్లాల్లోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలలను అనుసంధానిస్తే మార్గం సుగమమవుతుంది. భవనాలు రెండేళ్లలో లేస్తాయి, నిపుణులు తయారు కావడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. పాలకులు ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాల్సిన అవసరం ఎంతైనా ఉంది.