జాగ్రత్త ఇల్లాలి ఒక్కదాని పనేనా?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. వాడంతా జ్వరాలతో మూలుగుతుంటే దోమల మందు కొట్టించమని మునిసిపాలిటీ చుట్టూ తిరుగుతాం. పిల్లాడు మంచం పట్టాక నీళ్ళు కాచి చల్లార్చడం మొదలుపెడతాం. జబ్బొచ్చాక పడే హైరానా కంటే రాకముందు పడే కాస్త శ్రమే నయమని అందరికీ తెలుసు. తెలిసీ ఎందుకు చెయ్యమంటే, ‘ఎవరో చూసుకుంటారులే’ అన్న ధీమా! ఆ ‘ఎవరో’ చాలా ఇళ్ళల్లో ఇల్లాలే.

కరోనా రోజుల్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. అదే నెల 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. బడులు, ఆఫీసులు, దుకాణాలు మూతపడ్డాయి గానీ వంటింటికి మాత్రం సెలవు దొరకలేదు. బయటినుంచి వచ్చినవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ కడిగించడం, వాళ్ళ బట్టలు విడిగా నానబెట్టడం, మాస్కులు ఉతికి ఆరెయ్యడం, అత్తగారి బీపీ మాత్రలు అయిపోకుండా చూసుకోవడం, విడిగదిలో ఉన్న రోగికి గుమ్మం దగ్గర కంచం పెట్టి రావడం... ఇవన్నీ ఎవరు చేశారో ఇంటింటికీ తెలిసిందే. ఇంత చేసినా ఇంట్లో ఎవరైనా తుమ్మితే ‘నువ్వు సరిగ్గా చూసుకోలేదు’ అన్న మాట పడింది కూడా ఆవిడే.

గడప దాటి చూసినా ఇదే వరస. ఆశా కార్యకర్తలు ఎండనక, వాననక ఇంటింటికీ తిరిగి ‘జ్వరం ఉందా, దగ్గుందా’ అని వాకబు చేశారు. కొన్నిచోట్ల జనం తలుపులు వేసేసుకున్నారు, కసురుకున్నారు. 2022 మే నెలలో దేశంలోని ఆశా కార్యకర్తలందరినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డుతో గౌరవించింది. సంతోషించవలసిందే. కానీ 2005లో ఆ పథకం మొదలుపెట్టినప్పుడు వాళ్ళను ఉద్యోగులుగా కాకుండా స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కగట్టారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి 3 మాస్కుల చొప్పున పంచాలని 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం తలపెట్టినప్పుడు, వాటిని కుట్టే పని డ్వాక్రా సంఘాల మహిళలకే అప్పగించారు. పని చేయడానికి ఆడవాళ్ళు కావాలి. మరి ఏం చెయ్యాలో నిర్ణయించేటప్పుడు వాళ్ళను అడిగిందెవరు?

‘ప్రజల భాగస్వామ్యం’ అని ఉపన్యాసాల్లో తరచూ వింటుంటాం. భాగస్వామ్యమంటే చెప్పింది తలూపి చెయ్యడం కాదు. ఎందుకు చేస్తున్నామో తెలుసుకుని చెయ్యడం. సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోమంటే చాలామంది చాదస్తం అనుకున్నారు. ఆ వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బు కరిగించేస్తుందని విడమరిచి చెబితే చిన్నపిల్లలు కూడా బుద్ధిగా రుద్దుకుంటారు. మొదట్లో మనం కూరగాయలు, పాల ప్యాకెట్లు తెగ కడిగాం. ఆ జబ్బు ఎక్కువగా గాలి ద్వారానే అంటుకుంటుందని తర్వాత స్పష్టమైంది. అంటే గంటలకొద్దీ కడిగిన శ్రమ కంటే కిటికీలు బార్లా తెరిచి, ముక్కూ నోరూ కప్పుకుంటే ఎక్కువ మేలు జరిగేది. సరైన సమాచారం వేళకు అందితే ఆరోగ్యం నిలుస్తుంది, ఇల్లాలి ఒంట్లో ఓపికా మిగులుతుంది.

సమాచారం అందకపోతే ఏమవుతుందో టీకాల సమయంలో చూశాం. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు వెయ్యడం మొదలైంది. ఏప్రిల్ వచ్చేసరికి ‘నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత టీకా వేయించుకోకూడదట’ అన్న పుకారు ఫోన్ల నిండా తిరిగింది. అది అబద్ధమని ప్రభుత్వం ఖండించినా, ఖండన కంటే పుకారు కాళ్ళే చురుకైనవి కదా! గర్భిణులు టీకా వేయించుకోవచ్చన్న అనుమతి ఆ ఏడాది జూలై 2న గానీ రాలేదు. అప్పటిదాకా ఎవరిని అడగాలో తెలియక ఎందరు తల్లడిల్లారో! 2021 జూన్ నాటి లెక్కల్లో దేశం మొత్తమ్మీద టీకా వేయించుకున్నవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, కేరళల్లో మాత్రం ఆడవాళ్ళే ఎక్కువ. దీన్నిబట్టి ఆడవాళ్ళు వెనకడుగు వెయ్యడం తలరాతేమీ కాదని తేలుతోంది కదా. నమ్మకంగా చెప్పేవాళ్ళు గుమ్మందాకా వస్తే, వెళ్ళడానికి వీలు చూపిస్తే వాళ్ళు తప్పకుండా ముందుకొస్తారు.

జనం తమ పని అనుకుంటే ఎంతటి జబ్బయినా తోక ముడుస్తుందనడానికి పోలియోనే సాక్ష్యం. 1995లో పల్స్ పోలియో మొదలైంది. చంకన బిడ్డను ఎత్తుకుని తల్లులు కేంద్రాలకు బారులు తీరారు. రెండు చుక్కలు వేసి, చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టి పంపేవారు. రానివాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ కార్యకర్తలే వెళ్ళేవారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ వైరస్ వల్ల పోలియో వచ్చిన కేసు ఒక్కటీ నమోదు కాలేదు. 2014 మార్చిలో మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. ఒక్క ఆదివారంతో అయిన పని కాదది, ఏళ్ళ తరబడి విడవకుండా చేసిన పని.

ఆ పట్టుదలే కరోనాలో మధ్యలో సడలింది. 2021 ఫిబ్రవరిలో రోజుకు పదివేల పైచిలుకు కేసులే వస్తుంటే ‘ఇంకేముంది, పోయిందిగా’ అనుకున్నాం. మాస్కులు గడ్డం కిందికి జారాయి, పెళ్ళిపందిళ్ళు కిక్కిరిశాయి. మే మొదటి వారానికి రోజుకు 4 లక్షలు దాటాయి. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు తీసిన ఆ రోజులు ఎవరం మరిచిపోలేం.

మళ్ళీ మహమ్మారి ఎప్పుడొస్తుందో, ఏ పేరుతో వస్తుందో చెప్పలేం. అలవాటు మాత్రం ఇప్పుడే చేసుకోవచ్చు. ఏటా వానాకాలంలో వచ్చే డెంగీతోనే మొదలుపెడదాం. గుడ్డు పిల్లగా మారి, రెక్కలొచ్చి ఎగరడానికి దోమకు వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి తొట్లు, కూలర్లు, పూలకుండీల కింది పళ్ళేలు ఖాళీ చేసి, రుద్ది ఆరబెట్టాలి. ఆ ‘డ్రై డే’ పని ఈ శుక్రవారం ఇంట్లో మగవాళ్ళకు అప్పగించండి. కూలరు కడిగితే మీసం కరిగిపోదు! పిల్లలకు పెరడు ఒప్పచెప్పండి. ఇంటిల్లిపాదీ టీకా కార్డులు ఎక్కడున్నాయో, ఎవరే మందులు వాడుతున్నారో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. సంఘం మీటింగులో పొదుపు లెక్కలయ్యాక పది నిమిషాలు ఏఎన్ఎమ్మునో, ఆశా కార్యకర్తనో మాట్లాడనివ్వండి. సందేహాలు అడగండి, పుకార్లు అక్కడే తేల్చుకోండి. గ్రామసభ జరిగినప్పుడు వెనక వరసలో కూర్చోకుండా మురుగు కాలువ సంగతి లేచి నిలదియ్యండి.

ఇంటి ఆరోగ్యానికి ఇల్లాలు కాపలాదారే, కాదనం. కానీ ఊరంతా గురకపెట్టి నిద్రపోతుంటే ఒక్క కాపలాదారు ఎన్ని రాత్రులు మేలుకోగలదు? తలా కాసేపు వంతులు వేసుకుంటేనే ఏ ఊరైనా క్షేమంగా తెల్లవారుతుంది.